బండ మీద ఒక్కరే

ఆదోని, జిన్ను సందు
9 నవంబర్ 2025, ఆదివారం

పెద్దమ్మా,

సంతోషి అక్క కాన్పుకని నువ్వు కూతురింటికి పోయాక, నేను నీ ఇంట్లో దిగి పదిహేను రోజులైంది. నువ్వు చెప్పినట్టే పిల్లిని లోపలికి రానివ్వలేదు, వెనక తలుపు గడియకు దారం కట్టాను, బియ్యం డబ్బా మీద రాయి పెట్టాను. నా మీద చెప్పుకోవడానికి నీకేమీ మిగల్లేదు. నేనే నీ మీద ఒకటి చెప్తాను. ముందరి రేకు తలుపు మీద పిడికిలంత సొట్టలు ఐదున్నాయి. వచ్చిన రోజు నుంచీ చూస్తున్నాను. పగబట్టి కొట్టినట్టున్నాయి. ఎవరితో కొట్లాడి పోయావు?

ఫోన్‌లో అడగొచ్చు. కానీ నీకు ఫోన్ చేస్తే సంతోషి అక్క అరుస్తుంది, నువ్వు నవ్వుతావు, నేను ఈ చివర హలో హలో అంటాను, ముగ్గురిలో ఎవరికీ ఏమీ తెలియదు. జిన్నింగ్ మిల్లులో ఇరవై ఏళ్లు దూది నీ చేతికి వచ్చింది, చప్పుడు నీ చెవులు పట్టుకుపోయింది. అందుకే ఉత్తరం. ఏసన్న మామ బట్టల మూటల ఆటో వారానికి రెండుసార్లు ఎమ్మిగనూరుకూ ఆదోనికీ మధ్య తిరుగుతుంది. తపాలా కంటే అదే నయం. కాకపోతే మూటల మధ్య వస్తుంది కాబట్టి నీ జాబు గంజి వాసన వేస్తుంది.

నా పని సంగతి సంతోషి అక్క చెప్పే ఉంటుంది, తప్పుగా. నేను జనాభా లెక్కలు రాయడం లేదు. కోట కింద పాతపేటను మొత్తం ఫోన్లలోకి ఎక్కిస్తున్నాం. ఇంటింటి గోడకూ ఒక చిన్న పలక కొడతారు, దాని మీద నల్లగళ్ల బొమ్మ ఉంటుంది. ఫోన్ దాని ముందు పెడితే ఆ ఇల్లు, ఆ సందు, కుళాయి, లైటు, కాలువ అన్నీ తెర మీద కనిపిస్తాయి. పేటను బాగుచేసే ముందు అందులో ఉండేవాళ్లను అడగాలన్నది మా సంస్థ గొప్పగా చెప్పుకునే మాట. ఇంటికొక కోరిక. ఏం మార్చాలో అడిగి ట్యాబ్‌లో ఎక్కించడం నా పని.

నిజం చెప్పనా. గడప గడప దగ్గరా చెప్పులు విప్పి తొడిగి, విప్పి తొడిగి విసుగొచ్చింది. నాతో డిగ్రీ చదివిన అనురాధ బెంగళూరులో పదకొండో అంతస్తులో కూర్చుని ఇలాంటి పటాలకే రంగులు వేస్తుంది. మా మారుతి సార్ మొన్న అన్నాడు, "సందులన్నీ ఒక్క ఇల్లు మిగలకుండా పూర్తి చేసి సూపియ్యమ్మా, ఆడికి నీ పేరు రాస్తా" అని. హాలహర్విలో అమ్మ పెళ్లిమాట ఎత్తేలోపు నేను ఆ పదకొండో అంతస్తు ఎక్కాలి.

నా వంతుకు వచ్చినవాటిలో మూడు సందులు అయిపోయాయి. మిగిలింది మన సందే. ముప్పై ఎనిమిది ఇళ్లు, నీది ముప్పై ఎనిమిదోది. ఇంటి మనిషివి నువ్వు కాబట్టి కోరిక నువ్వే చెప్పాలి. ఒక్కటే చెప్పు, పది చెప్పకు.

నీ మంచం కుంటుతోందని చెప్పడం మరిచిన
కృప


ఎమ్మిగనూరు
13 నవంబర్

పాప కృపకు పెద్దమ్మ రాసేది. దేవుని దయతో ఈడ అందురూ బాగుండారు. సంతోషి కొడుకు రాత్రంతా ఏడుస్తాడంట. నాకు తెలీదు. నా పక్కనే పండుకుంటాడు, వానికీ హాయి నాకూ హాయి. సంతోషి తెల్లారి కండ్లు ఎర్రగా పెట్టుకోని పలక మీద రాసి సూపిస్తాది, "నీ అదురుష్టం యమ్మా" అని.

మంచం కుంటదు. నువ్వు యెనక కాలు కింద పెంకు పెట్టలా. పెట్టు.

తలుపు సొట్టలు నాకు తెలీదు. నేను ఉన్నప్పుడు లేవు. పిల్లోల్లు సందులో బంతాట ఆడతాంటారు, వాల్ల పనే అయ్యుంటాది. వచ్చినంక సూస్తా.

నువ్వు ఇంటింటి కోరిక రాస్తాండావంటే నాకు నవ్వొచ్చింది. ఒకప్పుడు ఆ సందులో నేను రాస్తాంటి. మిషను బడిలో ఏడో తరగతి సదివినదాన్ని నేనొక్కదాన్నే గద. గుంటూరు మిరపకాయలకు పోయిన మొగోల్లకు ఇండ్లకాడ నుంచి జాబులు. సగం మంది ఏం రాయాలో సెప్పకుండా ఏడుస్తాంటిరి. నేనే ఏదో ఒకటి రాసి "బాగుండాము" అని ముగిస్తాంటి.

నా కోరిక రాసుకో. సందు మొగదల ఉండే బండ తీసేయాల. అంతే. ఎందుకని అడగొద్దు. అది నడిసేదానికి అడ్డం.

సంతోషి మొగుడు ఎల్లయ్య మగ్గం మీద కొత్త దుప్పటి తీసినాడు. నీకని ఒకటి ఎత్తిపెట్టినా. సలికాలం ఆ ఇల్లు వణికిస్తాది.

మీ పెద్దమ్మ
హుసేనమ్మ


ఆదోని
19 నవంబర్, బుధవారం

పెద్దమ్మా,

మంచం కింద పెంకు పెట్టాను. నిలబడింది. నీ మాట నెగ్గింది, సంతోషపడు.

మన సందు ఒకటిన్నర రోజులో ముగించేశాను. మిగతా సందులకు నాలుగేసి రోజులు పట్టింది. ఎలాగంటావా, తిరుపాల్ అన్న పుణ్యం. యాప్‌లో ఇల్లు ఎక్కించాలంటే ఇంటివాళ్ల ఫోన్ నంబర్ కొట్టాలి, దానికి ఆరంకెల ఓటీపీ వస్తుంది, అది చెప్తేనే ముందుకు పోతుంది. నంబర్ అడిగితే మొదటి ఇంట్లోనే "తిరుపాల్ నంబరు ఏయ్ మ్మే" అన్నారు. రెండో ఇంట్లోనూ అదే. గ్యాస్‌కు, రేషన్‌కు, పింఛనుకు, పిల్లల బడికి ఈ సందు మొత్తానికి ఆ సోడా అంగడి ఫోనే నంబర్. వలస పోయినప్పుడల్లా సిమ్ మారుతుంది, తిరుపాల్ మాత్రం మారడు. ఆయన అంగట్లో నిలబడి "ఏడు సున్నా నాలుగు" అని కేకేస్తే నేను గడప దగ్గర కొట్టుకుంటాను. సందంతా వింటుంది. బ్యాంకులవాళ్లు ఎవరికీ చెప్పొద్దనే సంఖ్యను ఇక్కడ మైకు లేకుండా చదువుతారు.

కోరికలు చూస్తే నవ్వొస్తుంది. కుళాయి సన్నగా వస్తుందని పద్దెనిమిది ఇళ్లు. కాలువ మీద మూత కావాలని తొమ్మిది. ఒక తాత తన అల్లుడు తిరిగి రావాలని రాసుకోమన్నాడు. యాప్‌లో ఆ గడి లేదన్నాను. "మల్ల ఎందుకు వచ్చినావు" అన్నాడు. చివరగా నీది ఎక్కించాను. ముప్పై ఏడు ఇళ్లలో ఆ బండ పేరెత్తినవాళ్లు ఎవరూ లేరు. నువ్వొక్కదానివే.

ఎందుకని అడగొద్దన్నావు కాబట్టి అడగడం లేదు. చూసింది చెప్తాను. పొద్దున ఐదున్నరకు పదిహేనుమంది ఆడవాళ్లు సద్దిగిన్నెలు ఒళ్లో పెట్టుకుని ఆ బండ మీద కూర్చుంటారు. ఆలూరు వైపు పత్తి ఏరడానికి తీసుకుపోయే ఆటో అక్కడే ఆగుతుంది. బండ మీద కనిపించిన తలల్ని లెక్కపెట్టుకుని ఎక్కించుకుంటాడు, లేని మనిషి కోసం ఆగడు. బండ చీరల రాపిడికి నున్నబడి పోయింది. నేను ఒకరోజు ఊరికే కూర్చుందామని కొసన ఖాళీ ఉంటే కూర్చున్నాను. పక్కింటి రంగమ్మ మోచేత్తో పొడిచి లేపింది. "లెయ్ మ్మే, ఆడ హుసేనమ్మ కూసుంటాది." నువ్వు ఊళ్లో లేవు కదా అంటే, "లేకుంటే ఏం, సోటు యాడికి పోయింది" అంది. రోజూ అడుగుతుంది, మీ పెద్దమ్మ ఎప్పుడొస్తాది అని.

ఇరవై తొమ్మిదో తేదీన బడి ఆవరణలో తెర కట్టి అన్ని సందుల కోరికలూ చూపిస్తారు. మారుతి సార్ నా వేగం చూసి తల ఊపాడు. ఆయన తల ఊపడం అంటే ఇంకొకరు దండ వేసినంత.

పదకొండో అంతస్తుకు రెండు మెట్లు ఎక్కిన
కృప


ఎమ్మిగనూరు
23 నవంబర్

కృపకు,

నీ జాబు రెండుసార్లు సదివినా. రెండోసారికి కోపం ఎక్కువైంది.

సోటు పెట్టినారంటనా నాకు. మనిషిని ఇడిసిపెట్టి సోటు పెట్టుకున్యారా. బాగుంది. రంగమ్మ నీతో అట్ల అన్యదంటే నువ్వు నమ్మితివి. ఆమె నన్ను ఆడిపోసుకునేది నీకు తెలీదు. నలుగురు ఇనేటట్ల అంటాది, నేను ఇననని తెలుసు గద.

నువ్వు బండ సంగతి ఆమెకు సెప్పింటావు. లేకుంటే ఇప్పుడు యాలకు అడుగుతాది నేను ఎప్పుడొస్తానని. నా ఇంట్లో ఉండు, నా కుండలో నీల్లు తాగు, కాని నా మాటలు పక్కింట్లో పెట్టొద్దు. రంగమ్మ పేరు నాకు రాయొద్దు ఇంగ.

దుప్పటి ఏసన్నతో పంపినా. కప్పుకో.

హుసేనమ్మ


ఆదోని
2 డిసెంబర్, మంగళవారం

పెద్దమ్మా,

రంగమ్మకు నేనేమీ చెప్పలేదు. ముందు అది నమ్ము. నమ్మాకే మిగతాది చదువు.

శనివారం సాయంత్రం బడిలో తెర కట్టారు. పేటవాళ్లంతా వచ్చారు. మన సందు ఆడవాళ్లు చేను నుంచి నేరుగా వచ్చారు, తలల్లో ఇంకా దూది ఉంది. ఒక్కో సందు పటం రంగురంగులుగా వస్తుంటే జనం తమ ఇంటిని వేలు పెట్టి చూపించుకుంటున్నారు. మన సందు వచ్చింది. పటం మీద ఒకే ఒక చుక్క. కింద అక్షరాలు ఇలా ఉన్నాయి: జిన్ను సందు. ఇళ్లు, ఒకటి. కోరిక, మొగదల బండ తొలగింపు. అంగీకారం, నూరు శాతం.

మొదట నవ్వారు. "సందంతా నా ఫోన్లోనే కాపరముందా" అని తిరుపాల్ అన్న గట్టిగా అన్నాడు, అందరూ ఇంకా నవ్వారు. తర్వాత మారుతి సార్ బండ తీశాక మొగ ఎలా ఉంటుందో చూపించాడు. కోటకు పోయే నడకదారికి అక్కడ వాకిలి పెట్టి, ఒక తెర నిలబెడతారు. పదహారో తేదీన జేసీబీ వస్తుంది. అప్పుడు నవ్వు ఆగింది. రంగమ్మ లేచింది. పేరు రాయొద్దన్నావు, రాయక తప్పదు.

"ఎవురు సార్ బండ తియ్యమన్యది?"

"మీ సందువాల్లే అమ్మా. నూరు శాతం."

"నూరు శాతమంటే ఎంతమంది?"

సార్ నా వైపు చూశాడు. నేను ట్యాబ్ వైపు చూశాను.

ఆ రాత్రి అన్నీ తిరగేసి చూశాను. యాప్ లెక్కలో ఒక నంబర్ అంటే ఒక ఇల్లు. నేను ముప్పై ఎనిమిది ఇళ్లను తిరుపాల్ నంబర్ మీద ఎక్కించాను. రెండో ఇల్లు మొదటి ఇంటిని చెరిపేసింది, మూడోది రెండోదాన్ని. కుళాయి పోయింది, మూత పోయింది, అల్లుడు ఎలాగూ లేడు. చివర ఎక్కింది నీది. అదొక్కటే మిగిలింది. పెద్దమ్మా, ప్రతిసారీ తెర మీద ఒక ముక్క కనిపించేది, పాత వివరాల స్థానంలో కొత్తవి చేరాయని. నేను చూశాను. ముప్పై ఏడు సార్లు చూశాను. తొందరగా అయిపోవాలని తర్వాతి గుండీ నొక్కాను.

ముప్పై ఏడు ఇళ్లలో ఒక్కరు కూడా బండను ఉంచమని అడగలేదు. ఉన్నదాన్ని ఉంచమని ఎవరడుగుతారు. నేనూ అడగలేదు. ఏం మార్చాలి అనే నా ప్రశ్న.

దీన్ని ఆపే దారి ఒకటుంది. కోరిక మార్చుకోవచ్చు. కానీ కోరిన మనిషే ఆ చోటికి వచ్చి ఫోటో దిగాలి. ఫోటోలో ఒక్కరే ఉండాలి. నంబర్‌కు వచ్చే ఓటీపీ చెప్పాలి. గడువు పన్నెండో తేదీ. నువ్వు ఒక్క పూట వచ్చి బండ మీద కూర్చుని పోతే చాలు. నంబర్ల సంగతి మారుతి సార్‌కు ఇంకా తెలియదు. ఏదో సాంకేతిక లోపం అనుకుంటున్నాడు. నువ్వు వస్తే ఎవరికీ ఏమీ తెలియకుండా సర్దుకుంటుంది.

బండ తియ్యమన్నది నువ్వని ఎవరికీ చెప్పలేదు. కానీ పొద్దున నీళ్లకు పోతే నాకు వరస ఇవ్వలేదు. నేనే అని అనుకుంటున్నారు.

కృప


ఎమ్మిగనూరు
5 డిసెంబర్

పాపా,

నేను రాను.

నువ్వు రాసిన జాబులో బండ కంటే బెంగళూరు ఎక్కువ కనపడింది నాకు. ఎవరికీ తెలీకుండా సర్దుకుంటాదని రాస్తివి. నీ తప్పు మీద కూసునేదానికా నేను రావాల్సింది.

అయినా నీకు వరస ఇయ్యలేదంటే బాధయింది. కాబట్టి ఎందుకు తియ్యమన్యానో సెప్తా. సంతోషికి కూడా సెప్పలా.

పత్తి మొదలైన కొత్తలో, అక్టోబరు. ఇంకా సీకటి ఇడలా. నేను ఎప్పుడూ కూసునే కొసన కూసోని ఉండా. సద్దిమూట ముడి ఊడిపోతే తల వంచుకోని కట్టుకుంటాండా. అంతసేపే. తల ఎత్తితే బండ మీద ఎవ్వరూ లేరు. నేనొక్కదాన్నే. ఆటో మలుపుకాడికి పోయింది. ఎనక తట్టు కూసున్నోల్లందురూ నన్నే సూస్తాండారు. ఎర్రలైటులో వాల్ల మొగాలు కనపడె. అందురూ నోర్లు తెరుసుకోని నవ్వుతాండారు. రంగమ్మ అందరికంటే పెద్దగా నవ్వుతాంది, చెయ్యి సూపిచ్చి మరీ.

ముప్పై ఏండ్లు ఆ బండ మీద కూసున్యా. రంగమ్మకు జరం వస్తే ఆమె సాలు కూడా నేనే ఏరినా. సెవుడు దాన్ని ఆడ కూసోబెట్టి పోయి నవ్వినారు. ఇంటికి పోయి గడె ఏసుకోని గోడ తట్టు తిరిగి పండుకున్యా. ఎవ్వరైనా వస్తారేమో అని పొద్దు ఎక్కేదాకా సూసినా. ఒక్కరూ రాలా. మర్నాడు తెల్లారకముందే తాళమేసి ఏసన్న ఆటో ఎక్కినా. కాన్పుకు పోతాండానని ఏసన్నకు సెప్పినా. కాన్పుకు ఇంకా ఇరవై దినాలు ఉండె.

బండ పోతే ఆ పొద్దు నాకు మల్లా మల్లా కనపడదు అనుకున్యా. పదిహేను మంది కూలి పోతాదని నాకు తట్టలా. నా ఒక్కదాని మాటకు బండ లేస్తాదని నేనేమన్నా కలగన్యానా. ఇన్నేండ్లల్లో ఎవురూ ఏదీ అడిగింది లేదు, అడిగినా సేసింది లేదు.

అయినా రాను. ఆ బండ మీద మల్లా నేనొక్కదాన్నే కూసోను.

పెద్దమ్మ


ఆదోని
8 డిసెంబర్, సోమవారం

పెద్దమ్మా,

నీ జాబు చదివాను. తర్వాత రెండు పనులు చేశాను. రెండూ నీకు కోపం తెప్పిస్తాయి.

మొదటిది, రంగమ్మ ఇంటికి పోయి బండ తియ్యమన్నది నువ్వేనని, ఎందుకో కూడా చెప్పాను. ఆమె జొన్నరొట్టె తడుతోంది. తట్టడం ఆపి నా మొహంలోకి చూసింది.

"నవ్వినామా? మే, అరిసినాము. గొంతు పోయేటట్ల అరిసినాము."

ఆ రోజు ఆటోకి కొత్త డ్రైవరట. తలలు లెక్కపెట్టకుండానే కదిలించాడు. నువ్వు ఎక్కలేదని వీళ్లు మలుపు దగ్గర చూసుకున్నారు. అందరూ నీ పేరు పెట్టి కేకలేశారు. రంగమ్మ చెయ్యి ఊపింది. నువ్వు లేచి ఇంటి వైపు తిరిగావు. వాళ్లు డ్రైవర్ వీపు మీద గుద్ది ఆపించారు. రంగమ్మ దూకి పరుగెత్తింది. సద్దిగిన్నె దొర్లిపోయింది, అది ఇంకా దొరకలేదట. ఆమె వచ్చేసరికి నీ తలుపు వేసి ఉంది. తట్టింది. అరచేత్తో కొట్టింది. నీకు వినపడదని తెలుసు, కానీ రేకు అదిరితే నేల అదురుతుందని, నేల అదిరితే తెలుస్తుందని, గుండ్రాయి తీసుకుని తలుపు మీద మోదింది.

"ఎన్నిసార్లు కొట్టినావు?" అన్నాను.

"నేనేమన్నా లెక్క పెట్టినానా. సేతులు నొప్పి లేసి, గడప మీద కూలబడితి. ఎండొచ్చిందాంక కూసున్యా. లోపల సచ్చిపోయిందేమో అని ఏడిస్తి. ఆమె గోడ తట్టు తిరిగి పండుకోనుందని నాకేం తెలుసు."

ఆ రోజు ఆమె పనికి పోలేదు. మర్నాడు చేను నుంచి వచ్చేసరికి నీ తలుపుకు తాళం. నువ్వు చెప్పకుండా పోయావని ఆమె కూడా అలిగింది. అలిగి నీ చోటు మాత్రం ఖాళీగా ఉంచింది. మీ ఇద్దరినీ ఏమనాలో నాకు తెలియడం లేదు.

ఐదు సొట్టలు పెద్దమ్మా. బంతాట కాదు. నేను ఇంటికి వచ్చి వాటిల్లో వేళ్లు పెట్టి చూశాను.

రెండోది, మారుతి సార్‌కు నంబర్ల సంగతి చెప్పేశాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ముప్పై ఎనిమిది ఇండ్లను ఒగింట్లో కుక్కితివి గదమ్మా" అన్నాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది. సంజాయిషీ ఇవ్వడానికి నన్ను కర్నూలు రమ్మన్నారు. ఎల్లుండి పోతున్నాను, నాలుగు రోజులు హాస్టల్లో ఉంటాను. బెంగళూరు ఇంక లేనట్టే. నువ్వు అన్నది నిజమే, నా జాబులో అదే ఎక్కువ కనపడింది.

సందును మళ్లీ రాయడానికి నెల పడుతుందట. జేసీబీ నెల ఆగదు. పదహారున రాకుండా ఉండాలంటే నీ కోరిక మారడం ఒక్కటే దారి, అది ఇప్పటికీ అంతే. పన్నెండో తేదీ పొద్దున ఐదున్నరకు మారుతి సారే బండ దగ్గరికి వస్తానన్నాడు. నేను ఉండను. రమ్మని అడగను కూడా. నువ్వు వస్తే నా కోసం కాదని నాకు తెలియాలి.

ఇంటి తాళం రంగమ్మ దగ్గర పెట్టాను. కావాలనే పెట్టాను. కోపంతోనైనా ఆమె గడప తొక్కుతావని.

కృప


ఆలూరు తట్టు, పత్తిచేను గట్టు మీద
12 డిసెంబర్, శుక్రవారం, సద్ది తిన్నంక

పాప కృపకు,

ఈ కాగితం మీ సారు పుస్తకంలో సించి ఇచ్చింది. ఆయన రేపు కర్నూలు వస్తాడంట, పొద్దు మునిగినంక తిరుపాల్ అంగడికాడ ఆయన సేతికిస్తా. గట్టు మీద కూసోని రాస్తాండా, అచ్చరాలు వంకర పోతే నీకే.

నిన్న మాపిటేల ఏసన్న ఆటోలో దిగినా. తాళం రంగమ్మకాడ పెట్టిన నీ తెలివికి ఒకటి ఇయ్యాల వీపు మీద. ఆమె గడపలో నిలబడి నన్ను సూసింది, నేను ఆమెను సూసినా. తాళం ఇయ్యలా. నా చెయ్యి పట్టుకోని నా తలుపుకాడికి గుంజకపోయి, నా ఏళ్లు ఆ సొట్టల్లో పెట్టింది. ఒకదాని ఎనక ఒకటి, ఐదింట్లో. ఏమో మాట్లాడింది. నాకు యాడ ఇనపడతాది. అయినా అయిపోయిందాంక ఆమె నోరే సూస్తా నిలబడితి.

పొద్దున్నే మీ సారు వచ్చినాడు, మఫ్లరు సుట్టుకోని. మంచి మనిషి మాదిరే ఉండాడు. బండ నిండా మనోల్లు. నేను కొసన కూసున్యా. ఆయన ఫోను ఎత్తినాడు, దించినాడు. కాగితం మీద రాసి సూపిచ్చినాడు, ఫోటోలో ఒక్కరే ఉండాల అని. ఎవ్వరూ లెయ్యలా. మల్లా ఎత్తినాడు, మల్లా దించినాడు. ఆయన ఏమో బతిమాలతాండాడు, వీల్లు తలకాయలు అడ్డం తిప్పుతాండారు. ఆమెను ఇడిసి మేము లెయ్యము అంటాండారంట. తిరుపాల్ రాసి సూపిచ్చినాడు.

కడాకు రంగమ్మ లేసింది. అందరినీ రెక్కలు పట్టి లేపింది. తీసకపోయి మీ సారు ఎనక నిలబెట్టింది, నాకు ఎదురుగా. మల్లా నేనొక్కదాన్నే, పాపా. ఆ పొద్దు మాదిరే. కాని ఈసారి అందురూ కండ్ల ముందర ఉండారు. ఒక్కరూ నోరు తెరవలా. రంగమ్మ అయితే రెండు సేతులూ నోటికి అడ్డం పెట్టుకోని నిలబడింది, యాడ నవ్వినట్లు కనపడతాదో అని. అది సూసి నాకే నవ్వొచ్చింది.

అయినా ఫోటో పడలా. సీకటి, మొగం కనపడలేదంట. అప్పుడు వీల్లు కొంగుల్లో నుంచి ఫోన్లు తీసినారు, గుండీల ఫోన్లు, వాటికుండే బుడ్డలైట్లు. పదిహేను లైట్లు నా మొగం మీద ఏసినారు. పడింది. తిరుపాల్ ఓటీపీని సుద్దముక్కతో బండ మీద రాసినాడు నా పక్కన, నేను సదివి సెప్పినా. జల్మలో మొదటిసారి నా నోటితో సెప్పిన ఓటీపీ.

కొత్త కోరిక ఏమి అని మీ సారు రాసి అడిగినాడు. రాత్రంతా బండ ఉండాల అని సెప్పాలనుకున్యా. ఆ లైట్లు సూసినంక ఇంగొకటి తోచింది. బండ ఉండాల, దానికాడ లైటు ఉండాల, తెల్లారగట్ల నాకు మొగాలు కనపడాల, నన్ను పిలిసేది ఎవురో తెలియాల అన్యా. ఆయన తల గోక్కున్యాడు. ఇవి రెండు కోరికలు, ఇంటికి ఒకటే అని రాసినాడు. నేనన్యా, రెండు కాదు సార్, బండకాడ లైటు అని రాయి, ఒకటే. బండ లేకుండా బండకాడ లైటు యాడ పెడతారు. ఆయన అట్లే రాసుకున్యాడు.

జేసీబీ రాదంట పదహారుకు. లైటు వస్తాదో లేదో తెలీదు. మన సందు మల్లా రాయాల, కాగితం మీద, గడప గడపకు పోయి, మార్సేది ఒకటి ఉంచేది ఒకటి రెండూ అడగాలంట. నిన్నే తిరగమంటాడంట. బెంగళూరు సంగతి నేను అడగలా. అడిగేదానికి నీకు నోరుంది. ఆ ముసిలాయన అల్లుని సంగతి కూడా రాసుకో ఈసారి, గడి లేకుంటే పక్కన రాయి.

ఆటో వచ్చింది. డ్రైవరు తలలు లెక్కబెట్టినాడు. నేను పనికి పోవాలని రాలా, కాని రంగమ్మ నా పక్కన సద్దిగిన్నె పెట్టింది, నాదీ ఆమెదీ ఒకటే గిన్నెలో. ఎక్కినా. సంతోషికి రెండు దినాలు ఆలస్యమని ఏసన్నతో సెప్పి పంపినా. మనమడు ఏడిస్తే వాని అమ్మే సూసుకుంటాది.

ఇంగ రాయలేను. సాలులో రంగమ్మ లేసి నిలబడి చెయ్యి ఊపతాంది. కనపడతాంది.

హుసేనమ్మ